దవావోలో ఫిలిప్పీన్ కుటుంబం పక్కన అద్దెకు దిగేవారు మొదటి వారం ఎలా గడపాలి

వైద్యవిద్య కోసం ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరానికి వచ్చే తెలుగు విద్యార్థులలో చాలామంది ఒకటి రెండు నెలల తరువాత హాస్టల్ వదిలి, ఏదైనా స్థానిక కుటుంబం ఆవరణలో గది తీసుకుంటారు. ముందు వైపు ఇంటి యజమానుల ఇల్లు, వెనుక వరుసగా అద్దె గదులు, అందరికీ కలిపి ఒకే గేటు ఉంటాయి. అలా దిగబోయేవారూ, ఇక్కడ వారి తల్లిదండ్రులూ తరచుగా అడుగుతున్న ప్రశ్నలకు వరుసక్రమంలో సమాధానాలు రాస్తున్నాను.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి. మీరు చేసిన పని ఇంటివారికి నచ్చకపోతే వారు ముఖం మీద చెప్పరు. ఎదుటివారిని సిగ్గుపడేలా చేయడాన్ని వారు పెద్ద తప్పుగా భావిస్తారు, ఆ సిగ్గునే 'హియా' అంటారు. మన ఇంటి యజమాని అయితే తలుపు కొట్టి అడిగేస్తాడు, అక్కడి యజమాని నవ్వి ఊరుకుంటాడు. కాబట్టి చెప్పేవరకు ఆగకుండా, ప్రతి విషయాన్నీ మీరే ముందుగా అడిగి తెలుసుకోవాలి. కింది అంచెలన్నీ అందుకోసమే.

1. బయలుదేరే ముందు సర్దుకోవలసినవి

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2025 జూన్ 8 నుంచి భారతీయులు వీసా లేకుండా 14 రోజులు పర్యటించే వీలు కలిగింది కానీ, అది చదువుకు వచ్చేవారికి పనికిరాదు. విద్యార్థులకు 9(ఎఫ్) వీసా కావాలి. 59 రోజులకు మించి ఉండే విదేశీయులు ఏసీఆర్ ఐ-కార్డు (విదేశీయుల నమోదు గుర్తింపు కార్డు) తీసుకోవాలి. ప్రయాణానికి ముందు 72 గంటల లోపల ఆన్‌లైన్‌లో ఈ-ట్రావెల్ అనే ప్రయాణికుల నమోదు పూర్తి చేయాలి. ఆ నమోదు ఉచితం, ఎవరికీ డబ్బు కట్టకండి.

కరెంటు 220 వోల్టులే కనుక మన మిక్సీ, రైస్ కుక్కర్ పనిచేస్తాయి. అయితే గోడలోని సాకెట్లకు ఎక్కువగా రెండు చదునైన రేకు పిన్నులే పడతాయి, మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు. అడాప్టర్లు ఇక్కడినుంచే తీసుకువెళ్ళాలి.

ఊరినుంచి వచ్చినవారు చేతిలో ఏదైనా పట్టుకురావడాన్ని అక్కడ 'పసలూబోంగ్' అంటారు. అది ఖరీదైనది కానవసరం లేదు, మీ ఊరిది కావాలి. కాకినాడ కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు, హైదరాబాద్ బిస్కెట్లు బాగుంటాయి. ఇంట్లో అందరికీ పంచుకోవడానికి వీలైనది తీసుకోండి. పచ్చళ్ళు బహుమతిగా ఇవ్వకండి, ఆ కారం చాలామంది తట్టుకోలేరు.

సంచిలో ఉండవలసినవి:
- పిన్నుల అడాప్టర్లు రెండు
- వీసా, పాస్‌పోర్టు, ప్రవేశపత్రం నకళ్ళు, ఫోటోలు
- ఇంటివారికి మీ ఊరి తీపి ఒక డబ్బా
- గదిలో వేసుకోవడానికి వేరే చెప్పులు
- తాలింపు దినుసులు కొద్దిగా, గాలి చొరని డబ్బాల్లో

2. మొదటి రోజు, గేటు దగ్గర

వీలైనంతవరకు పగటిపూట, ముందుగా సందేశం పంపి దిగండి. బెల్లు లేని గేటు దగ్గర నిలబడి తలుపు బాదకూడదు. 'ఆయో!' అని పిలవాలి. అది దవావోలో మాట్లాడే బిసాయా భాషలో ఇంటి ముందు వేసే కేక. మనీలా వైపు 'తావో పో' అంటారు.

లోపలికి వెళ్ళాక ఈ వరుస పాటించండి:
1. చెప్పులు గుమ్మం బయట విడవండి. ఇంట్లో తిరగడానికి వారు వేరే చెప్పులు ఇస్తే వేసుకోండి.
2. ఇంట్లో అందరికన్నా పెద్దవారు ఎక్కడ కూర్చున్నారో చూసి, వారికి మొదట నమస్కరించండి. అద్దె మాట్లాడింది కొడుకైనా, కోడలైనా సరే, మొదటి పలకరింపు అవ్వకో తాతకో చెందాలి.
3. వేళను బట్టి ఉదయం 'మాయోంగ్ బుంతాగ్', మధ్యాహ్నం దాటాక 'మాయోంగ్ హాపోన్', రాత్రి 'మాయోంగ్ గబీ-ఇ' అనండి.
4. తెచ్చిన తీపి డబ్బా రెండు చేతులతో ఇవ్వండి. వారు మీ ఎదుట విప్పకుండా పక్కన పెట్టేస్తే చిన్నబుచ్చుకోకండి. ఇచ్చినవారి ముందు విప్పకపోవడమే అక్కడి మర్యాద.
5. కూర్చోమన్నాకే కూర్చోండి. అద్దె మాట ఆ క్షణంలో ఎత్తకండి.

పిల్లలు పెద్దవారి చేయి అందుకుని, వంగి, ఆ చేతి వెనుక భాగాన్ని తమ నుదుటికి ఆనించడం మీకు కనిపిస్తుంది. దానిని 'మానో' అంటారు. విదేశీయులు చేసి తీరాలని ఎవరూ అనుకోరు, కానీ అవ్వ తానే చేయి చాపితే వెనుకాడకుండా చేయండి. పాదాలకు మాత్రం నమస్కరించకండి. అది మనకు గౌరవమే అయినా, వారు కంగారుపడి కాళ్ళు వెనక్కి లాక్కుంటారు.

3. పిలుపులు: తెలుగు చెవికి తడబాటు కలిగే చోటు

వయసును బట్టి వరుస కలిపి పిలవడం వారికీ మనకూ ఒకటే కాబట్టి, ఈ విషయంలో తెలుగువారికి పెద్ద ఇబ్బంది ఉండకూడదు. కానీ మాటలు మన మాటలకు దగ్గరగా వినిపించి వేరే అర్థమిస్తాయి. 'నానాయ్' అంటే నాన్న కాదు, అమ్మ. 'తాతాయ్' అంటే తాత కాదు, తండ్రి. 'ఆతె' అంటే అత్త కాదు, అక్క. తాతను 'లోలో' అనీ, అమ్మమ్మను, నాన్నమ్మను 'లోలా' అనీ పిలుస్తారు. అన్న వరుసవారిని 'కూయా' అంటారు. తల్లిదండ్రుల ఈడు ఇరుగుపొరుగువారిని 'తీతో', 'తీతా' అనవచ్చు.

ఎవరిని ఏమని పిలవాలో మొదటిరోజే ఇంటిలోని యువతీయువకులలో ఒకరిని అడగండి. అడిగినందుకు సంతోషిస్తారు. వయసు తెలియకుండా 'లోలా' అనేస్తే యాభై ఏళ్ళ ఆవిడ మనసు నొచ్చుకోవచ్చు. మీకన్నా పెద్దవారిని వట్టి పేరుతో పిలవడం అసలే వద్దు.

ఇంకొక జాగ్రత్త తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఆశ్చర్యం కలిగినా, బరువు ఎత్తినా మన నోట అలవాటుగా వచ్చే 'బాబోయ్' అనే మాటకు అక్కడ పంది అని అర్థం. ఎదురుగా మనిషి ఉండగా ఆ మాట అనకుండా మొదటి వారంలోనే నోటిని అలవాటు చేసుకోండి.

4. ఇంటి లెక్కలు తొలి సాయంత్రమే తేల్చుకోవాలి

పలకరింపులు అయ్యాక, సామాను గదిలో పెట్టుకున్నాక, అద్దె వ్యవహారం చూసే వ్యక్తితో విడిగా కూర్చోండి. మొహమాటానికి పోయి వాయిదా వేసినవారే తరువాత బాధపడతారు. సాధారణంగా ఒక నెల అద్దె ముందుగా, రెండు నెలలది డిపాజిట్‌గా అడుగుతారు. చిన్న అద్దెలకు వర్తించే 2009 నాటి అద్దె నియంత్రణ చట్టం కూడా అంతకు మించి అడగకూడదని చెబుతుంది. ఇచ్చిన ప్రతి పెసోకూ రశీదు తీసుకోండి.

కరెంటుకు చాలా చోట్ల గదికొక చిన్న మీటరు ఉంటుంది. దిగినరోజు అందులోని అంకెను ఇంటివారి సమక్షంలోనే ఫోటో తీయండి. ఇది అనుమానించడం కాదు, తరువాత ఎవరూ ఎవరినీ అడగవలసిన అవసరం రాకుండా చూసుకోవడం.

అడగవలసిన ప్రశ్నలు, ఒక్కటీ వదలకుండా:
- గేటుకు తాళం ఎన్నింటికి వేస్తారు, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలి
- స్నేహితులు రావచ్చా, ఎంతసేపు ఉండవచ్చు, రాత్రి ఉండవచ్చా
- తాగునీటి 'గాలోన్' ఎక్కడ నింపిస్తారు, ఖాళీ డబ్బా ఎక్కడ పెట్టాలి
- బట్టలు ఎక్కడ ఉతకాలి, ఏ తీగ మీద ఆరవేయాలి
- కుళ్ళే చెత్త, కుళ్ళని చెత్త ఏ రోజు తీసుకువెళతారు
- గదిలో వంట చేసుకోవచ్చా, గ్యాస్ ఎవరు తెస్తారు

మరుగుదొడ్డిని వారు 'సీఆర్' అంటారు. బకెట్టు, 'తాబో' అనే చెంబు అక్కడ ఉంటాయి కనుక, మనకు అలవాటు మార్చుకోవలసిన పని లేదు. అందరూ వాడేది అయితే స్నానం తరువాత నేల తుడిచి, తాబోను ఉన్నచోటే పెట్టి రండి. తడి నేల గురించి వారు నోరు తెరిచి చెప్పరు, మరుసటి రోజు వారే తుడుచుకుంటారు.

5. భోజనం

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి, కాస్త విపులంగా రాస్తున్నాను.

వారు తింటున్నప్పుడు మీరు అటుగా వెళితే 'కావోన్ తా', అంటే 'తిందాం రండి' అంటారు. మన 'భోంచేశారా' లాగే అందులో సగం పలకరింపు. వెంటనే కుర్చీ లాక్కుని కూర్చోకండి, అలాగని ముఖం తిప్పుకుని పోకండి. నవ్వి, 'సలామత్, బుసోగ్ పా కో' (కృతజ్ఞతలు, ఇంకా కడుపు నిండుగానే ఉంది) అనండి. వారు రెండోసారి, మూడోసారి పిలిస్తే, లేదా మీకోసం పళ్ళెం పెట్టేస్తే, అది నిజమైన పిలుపు. అప్పుడు కూర్చుని కొంచెమైనా తినాలి.

బల్ల దగ్గర కుడిచేత చెంచా, ఎడమచేత ఫోర్కు పట్టుకుంటారు. ఫోర్కుతో అన్నాన్ని చెంచాలోకి తోసుకుంటారు. చేత్తో తినడమూ వారికి తెలిసినదే, దానిని 'కమాయన్' అంటారు. అయితే ఇంటివారు చేత్తో తింటున్నప్పుడే మీరూ అలా తినండి. పళ్ళెంలో చివరగా మిగిలిన ముక్కను ఎవరూ తీసుకోరు, వారు బలవంతపెట్టేదాకా మీరూ తీసుకోకండి.

శాకాహారులకు, గొడ్డుమాంసం తినని వారికి అసలు చిక్కు 'కార్నె' (మాంసం) అనే మాట దగ్గర వస్తుంది. 'కార్నె' వద్దు అంటే పందిమాంసం, గొడ్డుమాంసం వద్దన్నారని అర్థం చేసుకుని, కోడినీ చేపనూ వడ్డించడం అక్కడ మామూలే. కూరగాయల వంటకమైన పినక్‌బెత్‌లో కూడా 'బగోఓంగ్' అనే పులియబెట్టిన రొయ్యల ముద్దో, చేపల ముద్దో వేస్తారు. పెసలతో చేసే 'ముంగో' మన పెసరపప్పును గుర్తుచేస్తుంది కానీ, అందులోనూ ఎండుచేపో పందిమాంసం ముక్కలో ఉంటాయి. వారు మోసం చేయడం లేదు. రుచి కోసం వేసే ఆ కొద్దిపాటి దానిని వారు మాంసం కింద లెక్కపెట్టరు.

అందుకని, తినని వాటి పేర్లు ఒక్కొక్కటిగా చెప్పాలి. పంది 'బాబోయ్', గొడ్డుమాంసం 'బాకా', కోడి 'మనోక్', చేప 'ఇస్దా', గుడ్డు 'ఇత్లోగ్'. 'వాలాయ్' అంటే లేకుండా. 'వాలాయ్ బాబోయ్, వాలాయ్ బాకా' అంటే సరిపోతుంది. గొడ్డుమాంసం గురించి మతపరమైన కారణం ఉంటే 'దిలి కో మోకావోన్ ఓగ్ బాకా' అని, అది మా ఆచారమని నెమ్మదిగా చెప్పండి. మతనియమాన్ని వారు చక్కగా గౌరవిస్తారు. దవావోలో ముస్లింలు ఉన్నారు, పంది ముట్టని క్రైస్తవ శాఖలవారూ ఉన్నారు. ఈ సంగతి పిలుపు వచ్చిన రోజునే చెప్పాలి. వండి బల్ల మీద పెట్టాక చెబితే వండినవారు సిగ్గుతో కుంగిపోతారు.

రెండువైపులా నచ్చే వస్తువులు చాలానే ఉన్నాయి. వారి 'మలుంగ్గాయ్' మన మునగాకు, 'కంగ్‌కోంగ్' మన తూటికూర, 'అంపలాయా' కాకర, 'తాలోంగ్' వంకాయ, 'లంగ్కా' పనస. చింతపండు పులుపుతో చేసే 'సినిగాంగ్' మన పులుసుకు దగ్గరి చుట్టం. నేను దిగిన ఇంట్లో పెరటి గోడ పక్కనే మునగచెట్టు ఉండేది. ఒక సాయంత్రం ఆకు దూసుకోవచ్చా అని లోలాను అడిగితే, ఆవిడ కొమ్మ వంచి పట్టుకుని, కాడల నుంచి రెండు వేళ్ళతో ఆకు దూయడం మొదలుపెట్టారు. అచ్చం మా అమ్మమ్మ దూసినట్టే కిందినుంచి పైకి. ఆ రాత్రి మునగాకు పప్పు ఒక గిన్నెడు వారింటికి పంపాను, కారం లేకుండా. మరునాడు గిన్నె అరటిపళ్ళతో తిరిగివచ్చింది. వంటకం పంపేటప్పుడు ఈ కొలత గుర్తుంచుకోండి: మనకు చప్పగా అనిపించే కారమే వారికి సరిపోతుంది.

6. వంటగది ఘాటు

తలుపులు, కిటికీలు దగ్గరదగ్గరగా ఉండే ఆవరణలో ఎండుమిర్చి తాలింపు పక్కింటి పసిపిల్లవాడిని దగ్గిస్తుంది. మొదటి వారంలోనే సరిచేసుకోవలసిన అలవాట్లలో ఇది ముఖ్యమైనది.

- తాలింపును పొగ వచ్చేంతగా కాగిన నూనెలో వేయకండి. మంట తగ్గించి, మూత దగ్గర పెట్టుకోండి.
- కారప్పొడులు గదిలో దంచుకోకండి, ఊరినుంచే తెచ్చుకోండి.
- వారు బట్టలు ఆరవేసిన పూట వేపుళ్ళు పెట్టుకోకండి.
- గ్యాస్ సిలిండరు అక్కడ ఎక్కువగా 11 కిలోలది, మన 14.2 కిలోలది కాదు. నెల లెక్క అందుకు తగ్గట్టు వేసుకోండి.
- అగరుబత్తీలు, కర్పూరం వెలిగించే ముందు ఒక మాట చెప్పండి. పొగ చూసి నిప్పు అంటుకుందని భయపడతారు.

7. స్వరం, రాత్రి ఫోన్లు

దవావో సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. ఇంట్లో భోజనాలు ముగించి రాత్రి తొమ్మిదికి అమ్మ ఫోన్ చేస్తే, అక్కడ పదకొండున్నర. పలుచని గోడల అవతల పిల్లలు నిద్రలో ఉంటారు. తల్లిదండ్రులు ఈ లెక్క వేసుకుని, మన సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య మాట్లాడాలి.

మనం మామూలుగా మాట్లాడే గొంతు కూడా వారికి పోట్లాటలా వినిపిస్తుంది. నేను చేరిన నాలుగో రోజున అన్నయ్యతో ఫోన్‌లో పరీక్ష ఫీజు గురించి మాట్లాడాను. మరునాడు ఉదయం ఇంటి ఆవిడ పందేసాల్ రొట్టెలు తెచ్చి, ఇంట్లో అందరూ బాగున్నారా అని మూడుసార్లు అడిగారు. రాత్రి నేను గొడవపడుతున్నానని ఇల్లంతా నిద్రపోలేదట. ఆ మాట ఆవిడ చెప్పలేదు, నెల తరువాత వారి అమ్మాయి చెప్పింది.

వారి వైపునుంచి వచ్చే శబ్దానికి మీరూ సిద్ధపడాలి. పుట్టినరోజులకు, పండుగలకు వీడియోకే పెట్టె తెచ్చి గంటల తరబడి పాడతారు. పరీక్షలు ఉంటే ముందుగానే తేదీలు చెప్పండి, లేదా ఆ పూట గ్రంథాలయానికి వెళ్ళండి. పార్టీ మధ్యలో వెళ్ళి తగ్గించమనడం మాత్రం సరికాదు. పవిత్ర వారంలో గుడ్ ఫ్రైడే నాడు ఇంటి వాతావరణం నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ రోజు మీరు సినిమా పాటలు పెట్టకండి.

8. సైగలు చదవడం

మాటతో చెప్పనిది వారు ముఖంతో చెబుతారు. కనుబొమలు ఒక్కసారి పైకెత్తితే 'అవును'. పెదవులు ముందుకు చాపితే 'అటువైపు'. మనం అడ్డంగా ఊపే తల, అంటే 'సరే'నన్నది, వారికి 'కాదు'లా కనిపిస్తుంది. కాబట్టి నోటితో 'ఓ-ఓ' (అవును), 'దిలి' (కాదు) అని చెప్పడం అలవాటు చేసుకోండి.

మనిషిని పిలవడానికి వేలు పైకి పెట్టి ఆడించకండి, అరచేయి కిందికి ఉంచి వేళ్ళు కదపండి. మాట్లాడుకుంటున్న ఇద్దరి మధ్యగా దాటవలసి వస్తే కొద్దిగా వంగి, చేయి ముందుకు చాపి వెళ్ళాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా వినవలసింది 'ఓకే లాంగ్' అనే మాట. వెంటనే, నవ్వుతూ అంటే అది నిజంగానే 'పరవాలేదు'. కాసేపు ఆగి, చూపు పక్కకు తిప్పి అంటే ఇబ్బంది ఉందన్నమాట. అప్పుడు మీరే ప్రశ్నను మార్చి అడగాలి: 'శనివారం స్నేహితులు రావచ్చా?' అని కాక, 'శనివారం మంచిదా, ఆదివారం మంచిదా, లేక బయటే కలుసుకోమంటారా?' అనండి. కాదనే అవసరం లేకుండా జవాబు చెప్పే దారి దొరికితే, వారు నిజం చెబుతారు.

9. గేటు బయట

వీధి చివర సారి-సారి అంగడి మీ మొదటి పరిచయ స్థలం. అక్కడ షాంపూ, నూనె, ఫోన్ 'లోడ్' (రీఛార్జ్) అన్నీ చిన్న మొత్తాల్లో దొరుకుతాయి. వెయ్యి పెసోల నోటు ఇవ్వకండి, చిల్లర దగ్గర ఉంచుకోండి. 2022 నాటి చట్టం ప్రకారం సిమ్ కార్డును పాస్‌పోర్టుతో నమోదు చేయించాలి.

జీప్‌నీలో (అందరూ కలిసి ఎక్కే పొడవాటి జీపు) డబ్బును పక్కవారి చేతికిస్తే, చేతులు మారి డ్రైవరుకు చేరుతుంది. మీ చేతికి వచ్చిన డబ్బునూ అలాగే ముందుకు అందించాలి. దిగవలసిన చోట 'లుగార్ లాంగ్' అనండి.

నగరంలో ఇవి తప్పక తెలిసి ఉండాలి:
- 2002 నుంచి బాణసంచా నిషేధం. దీపావళికి కాకరపువ్వొత్తులు కూడా తేకండి, ప్రమిదలు వెలిగించుకోండి.
- కేటాయించిన చోట తప్ప బహిరంగంగా పొగ తాగకూడదు, ఈ-సిగరెట్టు కూడా.
- అత్యవసరానికి 911.
- భూకంపాలు వస్తాయి. 2019 చివర్లో ఈ ప్రాంతం వరుసగా వణికింది. కంపిస్తే వెంటనే కిందికి వంగి, బల్ల కింద తల కాచుకుని, ఆగేదాకా దానిని పట్టుకుని ఉండాలి. మెట్ల వైపు పరుగెత్తకూడదు.

వారంలోపు ఇంటివారితో కలిసి బరంగాయ్ కార్యాలయానికి వెళ్ళి పేరు చెప్పి రండి. అది మన వార్డు స్థాయి పాలన లాంటిది, నివాస ధ్రువీకరణ అక్కడే దొరుకుతుంది.

వీధిలో ఎవరైనా 'బుంబాయ్' అంటే కోపం తెచ్చుకోకండి. బొంబాయి నుంచి పుట్టిన ఆ మాట భారతీయులందరికీ వాడతారు, వీధుల్లో తిరిగి అప్పులిచ్చే వ్యాపారులను ముందుగా గుర్తుచేస్తుంది. అయిదు ఇచ్చి ఆరు తీసుకునే ఆ అప్పును 'ఫైవ్-సిక్స్' అంటారు. నేను విద్యార్థిని, మెడిసిన్ చదువుతున్నాను అని నవ్వుతూ చెప్పండి. పొరుగువారికి వడ్డీకి అప్పు మాత్రం ఎన్నడూ ఇవ్వకండి.

10. పొరపాటు జరిగిపోతే

జరిగిందని ఎలా తెలుస్తుంది? 'కావోన్ తా' అనే పిలుపు ఆగిపోతుంది. పిల్లలు మీ గది వైపు రావడం మానేస్తారు. సంగతి ఇంటివారి నోటినుంచి కాక, పక్క గదివారి ద్వారా వినిపిస్తుంది.

సరిదిద్దుకునే వరుస ఇది:
1. నేరుగా యజమాని దగ్గరికి వెళ్ళి 'ఏం తప్పు చేశాను' అని నిలదీసినట్టు అడగకండి.
2. ఇంట్లో మీతో చనువుగా ఉండే ఆతెను గానీ కూయాను గానీ ఒంటరిగా కలిసి, ఇబ్బంది ఏమిటో అడగండి.
3. తెలిసిన రోజునే ఆ పని మానేయండి. సంజాయిషీ చెప్పే ముందే మార్పు వారికి కనిపించాలి.
4. సాయంత్రం అల్పాహారం వేళ, మూడు నాలుగు గంటల మధ్య, బేకరీ నుంచి వేడి రొట్టెలు కొని తీసుకువెళ్ళండి. ముందు పెద్దవారికి ఇవ్వండి.
5. 'పసేన్సియా' (మన్నించండి) అని ఒక్కసారి, తగ్గు స్వరంతో అనండి. కారణాలు వివరించకండి.

వారు 'కావోన్ తా' అని మళ్ళీ పిలిస్తే, ఆ రోజు మొదటి పిలుపుకే కూర్చోండి.